ఆదోనికి సొంత పార్లమెంటు సీటు ఉన్న రోజులు

1957, 1962. ఆదోని పేరు లోక్‌సభ స్థానాల జాబితాలో ఉన్నది ఈ రెండు సార్వత్రిక ఎన్నికల్లోనే. అంతకు ముందు లేదు, ఆ తర్వాతా లేదు. రెండుసార్లూ గెలిచింది ఒకే మనిషి, కాంగ్రెస్ అభ్యర్థి పెండేకంటి వెంకటసుబ్బయ్య. రికార్డుల్లో వెతికితే ఆదోని పార్లమెంటు చరిత్ర రెండు వరుసల్లో అయిపోతుంది. మా ఇంట్లో మాత్రం అంత తొందరగా అయ్యేది కాదు. నాయన, అవ్వ, సిరుగుప్ప అత్త ఒకచోట కూర్చున్నారంటే ఆ ఎన్నికల గురించి పొద్దు వాలేదాకా మాట్లాడుకునేవాళ్లు. వాళ్లలో ఇప్పుడెవరూ లేరు. వాళ్ల నోట విన్నదీ, తర్వాత నేను చూసిందీ కలిపి రాస్తున్నాను. ఆదోనికి ఒకప్పుడు సొంత పార్లమెంటు సీటు ఉండేదని ఈ ఊళ్లో పుట్టి పెరిగిన పిల్లలకు కూడా తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

మా తాత పత్తి మార్కెట్లో తూకాలు చూసేవాడు. నాయన జిన్నింగ్ మిల్లులో గుమాస్తా. అప్పట్లో ఊళ్లో ఎవరిని కదిలించినా వాళ్ల బతుకు ఏదో ఒక రకంగా పత్తితో ముడిపడి ఉండేది. పొద్దున ఏ మిల్లు సైరన్ ఎప్పుడు మోగుతుందో అవ్వకు తెలుసు, దాన్నిబట్టే రొట్టెలు కాల్చేది. ఇంట్లో తెలుగు, పక్కింట్లో కన్నడం, బజారులో ఉర్దూ, సేట్ల దుకాణాల్లో మార్వాడీ. రణమండల కొండ కింద పెరిగిన మాకు వీటిలో ఏదీ పరాయి భాష అనిపించలేదు.

1953 దాకా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది. కలెక్టరాఫీసు పనికైనా, పెద్ద కోర్టుకైనా, పెళ్లి బట్టలకైనా రైలెక్కి గుంతకల్లు మీదుగా బళ్ళారికి పోయేవాళ్లు. 1952లో దేశంలో మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగినప్పుడు తాత, అవ్వ ఓటేసింది మద్రాసు రాష్ట్రం, బళ్ళారి జిల్లా ఓటర్లుగా. నాయనకు అప్పటికి 21 నిండలేదు, ఓటు రాలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. బళ్ళారి మైసూరు రాష్ట్రానికి పోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. రాయదుర్గాన్ని అనంతపురం జిల్లాలో, మా రెండింటినీ కర్నూలు జిల్లాలో కలిపారు.

అత్తను అంతకు రెండేళ్ల ముందే సిరుగుప్పలో ఇచ్చారు. పెళ్లినాటికి పుట్టిల్లు, మెట్టినిల్లు ఒకే జిల్లా. సంసారం ఇంకా కుదుటపడకముందే అవి రెండు రాష్ట్రాలయ్యాయి. “నేను ఇంట్లోనుంచి కదల్లేదు, రాష్ట్రమే కదిలిపోయింది” అని అత్త పెద్దయ్యాక కూడా అంటుండేది. మనుషులు తిరగడం, పిల్లనిచ్చుకోవడం, పత్తి బండ్లు రావడం ఏమీ ఆగలేదు. ఓటు మాత్రం విడిపోయింది. ఎన్నికలు వస్తే అత్తది ఒక లెక్క, మాది ఒక లెక్క.

ఆ ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయిందన్న గొప్ప మూడేళ్లే. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాదుకు పోయింది. ఆ మధ్యలో, 1955 ఫిబ్రవరిలో, ఆంధ్ర శాసనసభకు ఎన్నికలు జరిగాయి. నాయన మొదటి ఓటు అదే. రెండేళ్లకే 1957 సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి. చాలామందికి తెలియని సంగతి ఏమంటే, 1955లోనే మావైపు శాసనసభ ఎన్నికలు అయిపోయాయి కాబట్టి 1957లో తెలంగాణలో మాత్రమే శాసనసభకు ఓటింగ్ జరిగింది. మాకు లోక్‌సభ ఒక్కటే. అంటే ఆదోని పేరుతో జరిగిన మొదటి పార్లమెంటు ఎన్నిక పూర్తిగా పార్లమెంటు కోసమే జరిగింది. ఎమ్మెల్యే గొడవ లేదు, ఊరి కక్షల ఊసు తక్కువ. అవ్వ దాన్ని ‘డిల్లీ ఓటు’ అనేది.

ఆ రోజుల్లో కొన్ని నియోజకవర్గాలు ద్విసభ్య స్థానాలు. ఒకే స్థానం నుంచి ఇద్దరు ఎన్నికయ్యేవాళ్లు, అందులో ఒకటి రిజర్వుడు. 1957లో చిత్తూరు అలాంటిదే. ఆదోని ఏకసభ్య స్థానం, ఒకరే ఎంపీ. ద్విసభ్య పద్ధతిని 1961లో చట్టం చేసి తీసేశారు.

ఇప్పటి పిల్లలకు ఆ ఓటు వేసే తీరు చెబితే కథలా వింటారు. బ్యాలెట్ కాగితం మీద పేర్లూ గుర్తులూ ఏమీ ఉండేవి కావు. రూపాయి నోటంత కాగితం చేతికిచ్చి తడిక చాటుకు పంపేవాళ్లు. అక్కడ ఒక్కో అభ్యర్థికి ఒక్కో డబ్బా. డబ్బా మీద గుర్తు అతికించి ఉంటుంది. నచ్చినవాళ్ల డబ్బాలో కాగితం వేసి రావాలి, అంతే. కాంగ్రెస్‌ది కాడి ఎద్దుల గుర్తు. అవ్వ చదువుకోలేదు కానీ ఎద్దుల్ని గుర్తుపట్టడానికి చదువెందుకు? డబ్బాలో కాగితం వేసి, డబ్బాను తాకి కళ్లకద్దుకుని వచ్చిందట. ఈ మాట చెప్పినప్పుడల్లా నాయన ముసిముసిగా నవ్వేవాడు. అవ్వ మాత్రం నవ్వేది కాదు. “దేశాన్ని ఏలేవాళ్లను పెడుతున్నామంటే దండం పెట్టుకోకుండా ఎట్ల?” అనేది. నాకు అవ్వ మాటే సరి అనిపించేది, ఇప్పటికీ అదే అనిపిస్తుంది.

లోపలికి పోకముందే ఒక చిక్కు వచ్చిందట. జాబితాలో పేరు సరిచూసే గుమాస్తా, “మీ ఇంటాయన పేరేందమ్మా?” అని అడిగాడు. అవ్వ చెప్పదు. మొగుడి పేరు నోటితో పలకడం ఆమెకు అలవాటు లేదు. ఆయన మళ్లీ అడిగాడు. వెనక లైన్లో ఆడవాళ్లంతా నిలబడి చూస్తున్నారు. అవ్వ మొగవాళ్ల లైను వైపు చెయ్యి చూపించి, “అదో, ఆ తెల్ల పట్కాయన” అంది. పట్కా అంటే తలపాగా. తెల్ల పట్కాలు అక్కడ చాలా ఉన్నాయి. చివరికి తాతే లైన్లోంచి గట్టిగా తన పేరు చెప్పాడు. అవ్వ తన పేరు మాత్రం తనే చెప్పి, వేలికి సిరా పెట్టించుకుంది. దేశంలో మొదటి ఎన్నికలప్పుడు తమ పేరు చెప్పకుండా ‘ఫలానావాని భార్య’ అని రాయించుకున్న ఆడవాళ్లు లక్షల్లో ఉన్నారనీ, వాళ్ల పేర్లు జాబితాల్లోంచి తీసేశారనీ తర్వాత చదివాను. మా అవ్వ పేరు జాబితాలో సొంత పేరుగానే ఉంది. అది నాకు ఎంతో గర్వంగా ఉంటుంది.

గెలిచిన పెండేకంటి వెంకటసుబ్బయ్య ఆదోని మనిషి కాదు. ఆయనది అటు తూర్పున కోవెలకుంట్ల వైపున్న సంజామల. 1921లో పుట్టారు. స్వాతంత్ర్య పోరాటంలో ఉన్నవారు, ఖద్దరు మనిషి. సీటు పేరు మాది, మనిషి వేరే ఊరివాడు. తాతకు ఇది ఎప్పుడూ కొరతగానే ఉండేది. “పత్తి ధర పడిపోతే ఈయనకేం తెలుస్తది? ఆ వైపు నేలలు వేరే, మనుషులు వేరే” అనేవాడు. నాయన ఒప్పుకునేవాడు కాదు. మిల్లు గేటు దగ్గర ఆయన ప్రసంగం విన్నాననీ, నెమ్మదిగా, ఎవరినీ తిట్టకుండా మాట్లాడాడనీ, అట్లాంటి మనిషే పార్లమెంటుకు పోవాలనీ వాదించేవాడు. తాతదీ నాయనదీ ఈ వాదన ఏళ్ల తరబడి నడిచింది. కానీ ఓటు మాత్రం ఇద్దరూ ఆయనకే వేశారు.

1962లో పద్ధతి మారింది. డబ్బాలు పోయి, పేర్లూ గుర్తులూ అచ్చువేసిన కాగితం మీద ముద్ర కొట్టే పద్ధతి వచ్చింది. పైగా శాసనసభకూ లోక్‌సభకూ కలిపి ఎన్నికలు. రెండు కాగితాలు, రెండు ముద్రలు. మా వీధిలో అదొక పెద్ద టెన్షన్ అయింది. ముద్ర రెండు గుర్తుల మధ్య పడితే చెల్లదు. మడత అడ్డదిడ్డంగా పెడితే సిరా ఇంకో గుర్తు మీద అంటుకుని అదీ గొడవే. నాయన మిల్లు నుంచి పాత చిట్టా కాగితాలు తెచ్చి, వాటి మీద గళ్లు గీసి, ఎద్దులు, కంకి కొడవలి, చెట్టు బొమ్మలు వేసి, సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి ఆడవాళ్లకు నేర్పించాడు. ముద్రకు బదులు సీసా మూత. మడత ఇలా పెట్టాలి, ఇలా పెట్టకూడదు అని ఒక్కొక్కరితో చేయించాడు. ఏ పార్టీకి వెయ్యమనీ చెప్పలేదు. ఆ మాట అవ్వతో పాటు పక్కింటి కన్నడ పెద్దమ్మ కూడా నాకు చెప్పింది, అందుకే నమ్మకంగా రాస్తున్నాను. నాకప్పుడు నాలుగేళ్లు. సీసా మూత సిరాలో ముంచి గోడకు కొట్టి తన్నులు తిన్నానని అంటారు, నాకైతే గుర్తులేదు.

ఆ ఎన్నికలోనూ పెండేకంటే గెలిచారు. అదే సంవత్సరం పక్కనున్న కర్నూలు స్థానం నుంచి యశోదారెడ్డి గెలిచారు. జిల్లా కేంద్రం పేరున్న సీటు నుంచి ఒక ఆడమనిషి పార్లమెంటుకు పోవడం అవ్వకు ఎంతో నచ్చింది. మన సీటు విడిగా ఉండబట్టి ఆమెకు ఓటు వేసే అవకాశం రాలేదని బాధపడిందట. కర్నూలు నుంచి మళ్లీ ఒక మహిళ గెలవడానికి 52 ఏళ్లు పట్టింది, 2014లో బుట్టా రేణుక. అప్పటికి మా ఓటు కర్నూలుకే. అవ్వ లేదు కానీ, ఆ రోజు ఓటేస్తూ నేను తలుచుకున్నది ఆమెనే.

ఆదోని సీటు పోయిన తీరే నన్ను ఎక్కువ కలచివేస్తుంది. ఎవరూ గొడవ చేయలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా. 1961 జనాభా లెక్కల తర్వాత నియోజకవర్గాలు మళ్లీ గీశారు. రాష్ట్రానికి లోక్‌సభ స్థానాలు 43 నుంచి 41కి తగ్గాయి. ఆ గీతల్లో ఆదోని పేరు ఎగిరిపోయింది, నంద్యాల పేరు వచ్చింది. 1952లో ఒకసారి ఉండి మధ్యలో లేకుండా పోయిన నంద్యాల 1967లో తిరిగొచ్చింది. మాకు అట్లా తిరిగి రాలేదు. మా ఓటు కర్నూలు సీటులో కలిసింది. మా ఊరి పేరుతో రెండుసార్లు ఎంపీ అయిన పెండేకంటి నంద్యాలకు మారి, 1967లోనూ 1971లోనూ అక్కడ గెలిచారు. తాత ఈ విషయం పేపర్లో చూసి, “సీటు పాయె, ఆయనా పాయె” అని పేపరు మడిచి పక్కన పెట్టాడని నాయన చెప్పేవాడు. అంతకుముందు పరాయి మనిషి అని సణిగింది ఆయనే.

1967 ఎన్నికలు నాకు బాగా గుర్తు. నాకు తొమ్మిదేళ్లు. ఊరంతా నక్షత్రాలే. స్వతంత్ర పార్టీ గుర్తు నక్షత్రం. మా బడి గోడ మీద నీలిమందుతో ఎంత పెద్ద నక్షత్రం వేశారంటే, మేం దాని మూలల్లో నిలబడి ఆడుకునేవాళ్లం. ఆ పార్టీ తరఫున కర్నూలు సీటుకు వై.గాదిలింగన్నగౌడ్ నిలబడి గెలిచారు. 1952లో కర్నూలు నుంచే గెలిచిన ఆయన 15 ఏళ్ల తర్వాత మళ్లీ పార్లమెంటుకు పోయారు. రాష్ట్రంలో 41 స్థానాలకు కాంగ్రెస్ 35 తెచ్చుకున్న ఎన్నికలవి. అట్లాంటి గాలిలో కూడా కర్నూలు ఎదురు తిరిగింది. లైసెన్సులు, పర్మిట్లు అని విసిగిపోయిన వ్యాపారులు, పండిన ధాన్యంలో కొంత సర్కారుకు ఇవ్వాలన్న లెవీ మీద కోపంగా ఉన్న రైతులు నక్షత్రం వైపు పోయారని నాయన అనేవాడు. మిల్లులో సేట్లు కొందరు బాహాటంగానే ఆ పార్టీకి పని చేశారు. నాయన వాళ్ల దగ్గర జీతం తీసుకుంటూనే ఎద్దులకు వేశాడు. ఆ సంగతి వాళ్లకూ తెలుసు, ఎవరూ ఏమీ అనలేదు. ఆ మర్యాద ఇప్పుడు ఎక్కడైనా ఉందా అని నాకు అనుమానం.

1971లో కాంగ్రెస్‌ది ఆవూ దూడ గుర్తు, కర్నూలు నుంచి గెలిచింది ఆ పార్టీ అభ్యర్థి కె.కోదండరామిరెడ్డి. ఆ ఎన్నిక గురించి మా ఇంట్లో పెద్దగా చెప్పుకున్నది లేదు. 1975 నాటికి తాత పోయాడు.

1977లో దేశమంతా ఇందిరాగాంధీకి వ్యతిరేకంగా పోతే, మన రాష్ట్రం 42లో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. మిగిలిన ఆ ఒక్కటీ మా జిల్లాలోని నంద్యాల. గెలిచింది జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డి, అనంతపురం జిల్లా ఇల్లూరు ఆయనది. మార్చిలో గెలిచి, లోక్‌సభ స్పీకరయ్యి, జులైలో రాష్ట్రపతి అయ్యారు, అదీ పోటీ లేకుండా. మా ఇంట్లో రేడియో ముందు నాయన ముఖం చూడాల్సింది.  మన వైపు మనిషి రాష్ట్రపతి అవుతున్నాడని సంతోషం. ఆయన వదిలేసిన నంద్యాల మళ్లీ పెండేకంటి చేతికే వచ్చింది. 1980లోనూ ఆయనే గెలిచి, ఇందిరాగాంధీ మంత్రివర్గంలో హోంశాఖ సహాయమంత్రి అయ్యారు. “మన సీటు ఉండి ఉంటే ఈ మంత్రి ఆదోని ఎంపీ” అని నాయన లెక్క.

నా మొదటి ఓటు 1980 జనవరిలో. 21 నిండి ఉన్నాను. కాంగ్రెస్ గుర్తు అప్పటికి హస్తం అయింది. మా వైపు అభ్యర్థి కోట్ల విజయభాస్కరరెడ్డి, 1977లోనూ ఆయనే గెలిచారు. అవ్వ చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను. బ్యాలెట్ మీద ముద్ర వేసి, మడత అవ్వ 1962లో నేర్చుకున్నట్టే పెట్టింది. బూతులో అమ్మాయి మీకు సాయం కావాలా అని అడిగితే, వద్దని చెయ్యి ఊపింది.

తర్వాత రెండేళ్లకు నాకు టీచరు ఉద్యోగం వచ్చింది, దాంతోపాటు ఎన్నికల డ్యూటీలు. ఆదోనికి అవతల పల్లెల్లో, కౌతాళం, హొళగుంద వైపు, డిసెంబరు చలిలో బడి గది నేల మీద బ్యాలెట్ పెట్టెలు పక్కన పెట్టుకుని పడుకున్న రాత్రులు ఎన్నో. పొద్దున ఏజెంట్ల ముందు పెట్టె ఖాళీగా ఉందని తెరిచి చూపించాలి. సీలు కాగితం పెట్టి, దారం కట్టి, లక్క కరిగించి సీలు వెయ్యాలి. ఆ లక్క వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఊరివాళ్లు జొన్నరొట్టె, పుండుకూర తెచ్చిపెట్టేవాళ్లు. ఏ పార్టీవాళ్ల ఇంటి నుంచి వచ్చిందో తెలుసుకోకుండా తినకూడదని ఒక పెద్ద సారు నాకు మొదట్లోనే నేర్పాడు.

1984 డ్యూటీ మరిచిపోలేను. ఇందిరాగాంధీ హత్య తర్వాత దేశమంతా కాంగ్రెస్ గాలి, ఇక్కడేమో సైకిల్. తెలుగుదేశం 30 స్థానాలు గెలిచి లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షమైంది. కర్నూలు నుంచి ఏరాసు అయ్యపురెడ్డి గెలిచారు. నేనున్న బూతుకు ఒక ముసలాయన వచ్చాడు. కళ్లు సరిగ్గా కనపడవు. సిరా పెట్టడానికి వేలు పట్టుకుంటే, కన్నడం కలిసిన తెలుగులో, “అమ్మా, ఇది మన ఆదోని సీటుకే గదా? సుబ్బయ్య పేరు ఎన్నోది?” అని అడిగాడు. ఏజెంట్లు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆదోని సీటు పోయి 17 ఏళ్లు దాటింది. పోయిందని ఆ మనిషికి ఎవరూ చెప్పలేదు. ప్రిసైడింగ్ ఆఫీసరు ఓపిగ్గా, “ఇప్పుడు కర్నూలు సీటు తాతా, పేర్లు వేరే” అని వివరించాడు. “అట్లనా, మరి ఆదోని?” అన్నాడాయన. దానికి మా దగ్గర జవాబు లేదు. ఓటేసి వెళ్లిపోయాడు.

ఇక 1989. ఎన్నికల కంటే ముందు, ఏప్రిల్ నెల. పెండేకంటి అప్పటికి బీహారు గవర్నరు పదవి చేసి కర్ణాటక గవర్నరుగా ఉన్నారు. అక్కడ ముఖ్యమంత్రి ఎస్.ఆర్.బొమ్మై. కొందరు ఎమ్మెల్యేలు మద్దతు ఉపసంహరిస్తున్నామని లేఖలు రాశారని, బొమ్మైకి మెజారిటీ లేదని గవర్నరు నివేదిక పంపారు. సభలో బలం నిరూపించుకుంటానని బొమ్మై అడిగినా వినలేదు. ఏప్రిల్ 21న రాష్ట్రపతి పాలన పెట్టారు. ఆ వారమే ఒక పెళ్లికి సిరుగుప్ప అత్త, మామ మా ఇంటికి వచ్చారు. మామ చేతిలో కన్నడ పేపరు. గుమ్మం దాటకముందే మొదలుపెట్టాడు.

“ఏంప్పా బావా, మీ ఆదోని ఎంపీ మా సర్కారును కూలగొట్టె గదా!”

“ఆయన మా ఎంపీ అయ్యి ఎన్నేళ్లాయె? ఇప్పుడు గవర్నరు. మెజారిటీ లేకుంటే ఏం చేస్తాడు?”

“లేదని ఎవరు చెప్పాల? అసెంబ్లీ చెప్పాల. ఇంట్లో కూర్చుని కాగితాలు లెక్కపెడితే ఎట్ల?”

అన్నం చల్లారిపోయింది. అత్త రెండుసార్లు వచ్చి పిలిచింది. నాయన గొంతు పెంచడం నేను చాలా అరుదుగా చూశాను, ఆ రోజు చూశాను. ఆయన బాధ రాజకీయం కాదని నాకు తెలుసు. మిల్లు గేటు దగ్గర మెత్తగా మాట్లాడిన ఆ మనిషి మీద నమ్మకం అది. అయినా నాకు మామ చెప్పిందే న్యాయం అనిపించింది. అప్పుడే ఆ మాట అన్నాను కూడా. నాయన నావైపు చూసి ఊరుకున్నాడు. 1994 మార్చి 11న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం బొమ్మై కేసులో తీర్పు చెప్పింది. ప్రభుత్వానికి బలం ఉందా లేదా అన్నది సభలోనే తేలాలి, కర్ణాటకలో చేసింది రాజ్యాంగ విరుద్ధం అని. ఇప్పుడు ఏ రాష్ట్రంలో ప్రభుత్వం అటూ ఇటూ ఊగినా టీవీలో వినిపించేది ఆ కేసు పేరే. ఆ కేసులోని గవర్నరు ఒకప్పటి ఆదోని ఎంపీ అని ఎంతమందికి తెలుసు? తీర్పు వచ్చిన రోజు నాయన పేపరు మొత్తం చదివి, “మీ మామకు ఉత్తరం రాయి, ఆయన చెప్పిందే నిజమైందని” అన్నాడు. రాశాను.

1991 నవంబరులో నంద్యాల మళ్లీ దేశం నోట నానింది. ప్రధాని అయిన పి.వి.నరసింహారావు కోసం గంగుల ప్రతాపరెడ్డి సీటు వదులుకున్నారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ తెలుగుదేశం అభ్యర్థిని పెట్టలేదు. బీజేపీ నుంచి బంగారు లక్ష్మణ్ పోటీ చేశారు. పీవీ మెజారిటీ 5 లక్షల 80 వేలు. నంద్యాలకు ఒక రాష్ట్రపతి, ఒక ప్రధాని. మాకు అసూయ లేదంటే అబద్ధం. 1967లో పటం మీద గీత ఇంకోలా గీసి ఉంటే, అందులో ఏ కథ ఎవరి ఊరి పేరున ఉండేదో!

కర్నూలు సీటులో మా ఊరు ఎప్పుడూ ఒక అంచే. కోట్ల కుటుంబం ఎన్నోసార్లు గెలిచింది, 1999లో కె.ఇ.కృష్ణమూర్తి గెలిచారు, 2024లో తెలుగుదేశం నుంచి బస్తిపాటి నాగరాజు గెలిచారు. మంచివాళ్లు, సమర్థులు వీళ్లలో ఉన్నారు, నేను కాదనను. కానీ ఎంపీ అంటే కర్నూలులో ఉండే మనిషి, ఆదోనికి పెళ్లిళ్లకీ ప్రారంభోత్సవాలకీ వచ్చే మనిషి అన్నట్టే అయిపోయింది. పత్తి యార్డు, తుంగభద్ర దిగువ కాలువ చివరి నీళ్లు, మూసేసిన మిల్లులు, పనికోసం ఊళ్లకు ఊళ్లు వలసపోయే కోసిగి, కౌతాళం పల్లెలు, కన్నడం మాట్లాడే పిల్లల బళ్లు, ఇవన్నీ ఒక పార్లమెంటు సభ్యుడు పొద్దున లేస్తే కనపడాల్సిన సంగతులు. మా తాత సణిగింది మనిషి గురించే అయినా, ఆయన అడిగింది ఇదే.

2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కల దాకా సీట్ల సంఖ్య మార్చకూడదని రాజ్యాంగంలో రాసి ఉంది. ఆ గడువు ఇప్పుడు దగ్గరికి వచ్చింది. మళ్లీ గీతలు గీస్తారు. 2022లో నంద్యాల జిల్లా అయింది, ఆదోని జిల్లా కావాలని మావాళ్లు అడుగుతూనే ఉన్నారు. జిల్లాతో పాటు పార్లమెంటు సీటు కూడా అడగాలని నా కోరిక. కొత్తగా అడుగుతున్నది కాదు, మా ఊరికి ఒకసారి ఉన్నదే. 1957లో ఆ డబ్బాల్లో కాగితం వేసిన పెద్దవాళ్లు మీ ఇళ్లలో ఎవరైనా ఉంటే 90 దాటి ఉంటారు. వాళ్లకు ఏం గుర్తుందో అడిగి, తేదీ వేసి రాసిపెట్టండి, నాకూ పంపండి. బూతు ఎక్కడ పెట్టారు, ఎవరెవరు నిలబడ్డారు, ఏ గుర్తులు, ఎవరు ఏ వీధిలో మీటింగు పెట్టారు, ఏదైనా సరే. రేపు ఆదోనికి సీటు కావాలని అడిగేవాళ్ల చేతిలో అది ఉండాలి.